తల్లిదండ్రులు లేని బిడ్డను చట్టప్రకారం మన సంరక్షణలోకి తెచ్చుకోవడం ఎలా?

అక్క దినకర్మలు అయిన మర్నాడు పెద్దలంతా మా ఇంటి వరండాలో కూర్చున్నారు. బావ అంతకు రెండేళ్ల ముందే పోయాడు. పాపకు అప్పటికి ఆరేళ్లు. "పిల్ల పిన్ని దగ్గరే ఉంటుంది" అని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. నాన్న వంద రూపాయల స్టాంపు కాగితం తెప్పించి రాయించారు, అటువైపు నాయనమ్మ వేలిముద్ర వేసింది, నోటరీ ముద్ర పడింది. పని అయిపోయిందనుకుని ఆ కాగితాన్ని బీరువాలో పెట్టాం.

ఆరు నెలల తర్వాత అక్క ఇన్సూరెన్స్ డబ్బుల కోసం వెళ్లాం. నామినీగా పాప పేరుంది. పాప మైనరు కాబట్టి డబ్బు తీసుకునే పెద్ద మనిషిగా బావ పేరు రాసి ఉంది. ఆయన లేడు. స్టాంపు కాగితం చూపిస్తే అక్కడి అధికారి దాన్ని తిప్పి కూడా చూడలేదు. "కోర్టు గార్డియన్ ఆర్డర్ తెచ్చారా?" అన్నాడు. ఆ ఆర్డర్ ఏమిటో, ఎక్కడిస్తారో ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి బిడ్డ ఉంటే, అమ్మమ్మ పెంచుతున్నా, మేనమామ పెంచుతున్నా, బాబాయి పెంచుతున్నా, మేం ఆలస్యంగా నేర్చుకున్నది మీరు ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను.

ముందు తేల్చుకోవలసింది: గార్డియన్‌షిప్పా, దత్తతా?

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. కావు. గార్డియన్‌గా ఉంటే బిడ్డ తన తల్లిదండ్రుల బిడ్డగానే ఉంటుంది. ఇంటిపేరు మారదు, తండ్రి వైపు ఆస్తిలో హక్కు పోదు. 18 ఏళ్లు నిండేదాకా ఆమె మంచిచెడ్డలు చూసే అధికారం, బాధ్యత మనకు వస్తాయి. దత్తత తీసుకుంటే బిడ్డ పూర్తిగా మన బిడ్డ అవుతుంది. పుట్టిన కుటుంబంతో చట్టపరమైన బంధం తెగిపోతుంది. అప్పటికే ఆమె పేరున పడిన ఆస్తి మాత్రం ఆమెదే. చెల్లిన దత్తతను తర్వాత ఎవరూ రద్దు చేసుకోలేరు.

నేను గార్డియన్‌షిప్ వైపు మొగ్గాను. పాప కాగితాల మీద అమ్మ పేరు ఉండాల్సిన చోట అక్క పేరే ఉండాలని నా కోరిక. మీ పరిస్థితి వేరు కావచ్చు. పిల్లలు లేని మేనత్త నెలల బిడ్డను పెంచుకుంటుంటే దత్తతే మేలు అంటాను. ఎవరి బలవంతం మీదా ఈ నిర్ణయం తీసుకోకండి. బిడ్డ పేరున ఉన్న ఆస్తిని బట్టి అసలే తీసుకోకండి.

దత్తత దారిలో ఒక పొరపాటు మన ఊళ్లలో తరచూ జరుగుతుంది. తల్లిదండ్రులిద్దరూ పోయిన బిడ్డను తాతయ్యో నాయనమ్మో దత్తత ఇస్తున్నట్టు పత్రం రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లికీ తండ్రికీ మాత్రమే ఉంది. ఇద్దరూ లేకపోతే గార్డియన్ ఇవ్వవచ్చు, అయితే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి లేని పత్రం రిజిస్టర్ అయినా రేపు ఎవరైనా సవాలు చేస్తే నిలవదు.

ఆ చట్టంలో ఇంకొన్ని షరతులున్నాయి. ఆచారం ఉంటే తప్ప బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. పెళ్లి అయి ఉండకూడదు. మీకు కూతురుగానీ, కొడుకు కూతురుగానీ ఉంటే మరో ఆడపిల్లను దత్తత తీసుకోలేరు. మగపిల్లాడి విషయంలోనూ కొడుకుగానీ, కొడుకు కొడుకుగానీ ఉంటే ఇదే నియమం. మగవాళ్లు ఆడపిల్లను, ఆడవాళ్లు మగపిల్లాడిని తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. పాతికేళ్ల మేనమామ ఆరేళ్ల మేనకోడలిని ఈ చట్టం కింద దత్తత తీసుకోలేడన్నమాట. దత్తహోమం చేయాలన్న నిబంధన లేదు, కానీ బిడ్డను నిజంగా ఇవ్వడం, పుచ్చుకోవడం జరగాలి.

ఈ షరతుల్లో మీరు ఇమడకపోయినా, మీరు ముస్లింలైనా, క్రైస్తవులైనా ఇంకో దారి ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మతంతో పని లేకుండా బంధువుల దత్తతను ఒప్పుకుంటుంది. దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా నడిపే కేరింగ్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే, జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు పరిశీలిస్తారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ దత్తత ఆర్డర్ కోర్టు కాకుండా జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ ఇస్తున్నారు. కన్నవాళ్లు ఉంటే వాళ్ల అంగీకారం కావాలి. లేకపోతే బాలల సంక్షేమ సమితి, అదే సీడబ్ల్యూసీ, అనుమతి కావాలి. బిడ్డకు ఐదేళ్లు దాటితే తన ఒప్పుకోలు కూడా తీసుకుంటారు. ఈ చట్టం దృష్టిలో బంధువులంటే తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, తల్లిదండ్రుల తోబుట్టువులు. సొంత అన్న, అక్క ఈ జాబితాలో లేరు. తమ్ముణ్ణి పెంచుతున్న అక్క అయితే గార్డియన్‌షిప్ దారిలోనే వెళ్లాలి.

మిగతాదంతా గార్డియన్‌షిప్ గురించే చెబుతాను. ఎక్కువ ఇళ్లలో కావలసింది అదే.

తల్లిగానీ తండ్రిగానీ బతికి ఉంటే

ఇది కొంచెం కష్టమైన దారి. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, తండ్రిగానీ తల్లిగానీ బతికి ఉండి, వాళ్లు పనికిరారని కోర్టు భావించకపోతే మరొకరిని గార్డియన్‌గా నియమించడానికి వీల్లేదు. "అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు" అన్న ఒక్క కారణం చాలదు. బిడ్డను కొట్టడం, ఏళ్ల తరబడి వదిలేయడం, తాగుడు, బిడ్డ తల్లి మరణం విషయంలో కేసు ఉండటం లాంటివి ఆధారాలతో చూపించాలి.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 2008లో ఒక కేసులో భార్య మృతికి సంబంధించి కేసు ఎదుర్కొంటున్న తండ్రికి కాకుండా అమ్మమ్మ, తాతయ్యలకే బిడ్డను అప్పగించింది. జడ్జీలు ఆ పిల్లాడితో స్వయంగా మాట్లాడారు. 2019లో మరో కేసులో తల్లి క్యాన్సర్‌తో పోతే పసిబిడ్డను సాకిన పిన్నిలకు కాకుండా తండ్రికే ఇచ్చింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పెంచిన చేతులకు ఎంత ప్రేమ ఉన్నా, మంచి తండ్రి ఉంటే అతని హక్కు ముందుంటుంది. మీ కేసు ఏ వైపు ఉందో లాయరుతో నిజాయితీగా మాట్లాడుకోండి.

తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉండి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలిన ఇళ్లు కోనసీమలో, కడపలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు కోర్టు గార్డియన్‌షిప్ అవసరం లేదు, సాధారణంగా రాదు కూడా. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించుకోండి. బడి, ఆసుపత్రి పనులు బిడ్డ తరఫున ఎవరు చూడాలో అందులో స్పష్టంగా రాయించండి. అది మన దేశంలోకి వచ్చాక 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ సంగతి మర్చిపోయి చాలామంది ఇబ్బంది పడతారు.

కాగితాలు పోగేయండి

కోర్టుకు వెళ్లకముందే ఒక ఫైలు పెట్టుకోండి. బిడ్డ జనన ధ్రువపత్రం, ఆధార్, బడిలో ఇచ్చే స్టడీ సర్టిఫికెట్. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, వాళ్ల పెళ్లికి ఏదో ఒక ఆధారం. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీ ఆధార్, ఆదాయానికి రుజువు, మీకు బిడ్డతో ఉన్న బంధుత్వం తెలిసే కాగితం. బిడ్డ పేరున ఏదైనా ఉంటే, పాలసీ, బ్యాంకు డిపాజిట్, పొలం పాసుపుస్తకం, వాటి నకళ్లు.

మాకు చెమటలు పట్టించింది పేర్ల తేడా. జనన ధ్రువపత్రంలో అక్క పేరు ఒకలా, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉంది. రెండు అక్షరాల తేడాకు నెలన్నర పోయింది. ఇవాళే అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

వీటితో పాటు బిడ్డ మీ దగ్గరే పెరుగుతోందని చూపించే చిన్నచిన్న కాగితాలు దాచండి. ఫీజు రసీదులు, టీకాల కార్డు, ఆసుపత్రి చీటీలు, పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మీరు సంతకం పెట్టిన ప్రోగ్రెస్ కార్డులు. మా లాయరు వీటినే అన్నిటికన్నా ఎక్కువ వాడుకున్నారు.

రెండో వైపు వాళ్లతో మాట్లాడండి

ఇది చట్టంలో లేని మెట్టు. కానీ కేసు సాఫీగా సాగుతుందా, ఏళ్లు పడుతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది. మీరు చెప్పకపోయినా కోర్టు దగ్గరి బంధువులకు నోటీసు పంపుతుంది. తెలియకుండా కానిద్దామని చూస్తే ఆ నోటీసు అందిన రోజు గొడవ మొదలవుతుంది.

మేం నాయనమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె భయం ఒకటే: మనవరాలు ఇక తన గడప తొక్కదేమో అని. దసరాకు, వేసవి సెలవులకు పాపను పంపుతామని పిటిషన్‌లోనే రాయించాం. ఆమె, బాబాయి ఇద్దరూ అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇచ్చారు. బిడ్డకు రెండు వైపులా మనుషులు కావాలి. వాళ్లు ఒప్పుకోరని తెలిసినా కనీసం ఒకసారి వెళ్లి మాట్లాడి రండి.

ఏ కోర్టు, ఏ లాయరు?

బిడ్డ మామూలుగా నివాసం ఉంటున్న చోటు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడ వేయాలి; ఆస్తికి మాత్రమైతే ఆస్తి ఉన్న చోటా వేయవచ్చు. తల్లిదండ్రులు ఎక్కడ చనిపోయారు, మీ సొంతూరు ఏది అన్నది లెక్కలోకి రాదు. బిడ్డ బాగోగుల కోసమైతే ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో వేస్తారు. ఆస్తికి గార్డియన్‌షిప్ జిల్లా కోర్టులో అడుగుతారు. మీకు రెండూ కావాలంటే ఎలా వేయాలో లాయరును మొదటి రోజే అడగండి.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోకండి. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసినా తీసుకుంటారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. అమ్మమ్మ ఒక్కతే పెంచుతున్న ఇళ్లకు ఇది పెద్ద ఆసరా.

పిటిషన్‌లో ఏముండాలి?

మన కోర్టుల్లో దీన్ని గార్డియన్ ఓపీ అంటారు. 1890 చట్టంలోని 10వ సెక్షన్ ఏమేం రాయాలో వరసగా చెబుతుంది. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, మతం, చిరునామా, ఆస్తి ఉంటే దాని వివరం, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, దగ్గరి బంధువులు ఎవరు, ఎక్కడుంటారు, ఇంతకు ముందు ఎక్కడైనా ఇలాంటి పిటిషన్ వేశారా, మీకున్న అర్హతలేమిటి, ఇప్పుడు ఎందుకు అడుగుతున్నారు. దీనితో పాటు గార్డియన్‌గా ఉండటానికి మీకు ఇష్టమేనని మీరు సంతకం పెట్టిన కాగితం, దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు జత చేయాలి.

దగ్గరి బంధువుల్లో ఎవరినీ వదిలేయకండి. పడని మేనమామ పేరు కావాలని రాయకపోతే అది తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. నా ఆదాయం తక్కువ అని టెన్షన్ పడి ఎక్కువ చేసి చెప్పకండి. 2022లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో పిన్ని వయసులో చిన్నది, ఉద్యోగస్థురాలు. అయినా ఆదాయం, వయసు మాత్రమే కొలతలు కావని చెప్పి, కొవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లాడిని నాయనమ్మ, తాతయ్యలకు అప్పగించింది. బిడ్డ మేలు ఎక్కడుందన్నదే కోర్టు చూస్తుంది.

కేసు నడుస్తుండగా ఎవరైనా బిడ్డను లాక్కెళ్తారన్న భయం ఉంటే 12వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ కోసం అదే రోజు ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేయించండి.

వాయిదాలు, సాక్ష్యం, జడ్జిగారి ముందు బిడ్డ

ఓపీ నంబరు పడ్డాక బంధువులకు నోటీసులు వెళ్తాయి. కోర్టులో, బిడ్డ ఉంటున్న ఇంటి దగ్గర కూడా నోటీసు అతికిస్తారు. పేపరులో ప్రకటన వేయమని కూడా చెప్పవచ్చు. ఆ తర్వాత మీరు, ఒకరిద్దరు సాక్షులు అఫిడవిట్ రూపంలో సాక్ష్యం ఇవ్వాలి. కాగితాల అసలు ప్రతులు ఆ రోజు చేతిలో ఉండాలి. మాకు మొత్తం పది నెలలు పట్టింది, అదీ ఎవరూ అడ్డు చెప్పకపోతే.

జడ్జిగారు బిడ్డతో విడిగా మాట్లాడవచ్చు. తెలివిగా ఇష్టాయిష్టాలు చెప్పగల వయసుంటే బిడ్డ మాటకు విలువ ఇస్తారు. దయచేసి బిడ్డకు ఏం చెప్పాలో నేర్పకండి. నేను పాపతో ముందు రాత్రి ఒకటే చెప్పాను: "ఒక పెద్దాయన నీతో మాట్లాడతారు. ఆయన కోప్పడరు. నీకు అనిపించింది చెప్పు." ఆకలేస్తుందని బిస్కెట్లు, మధ్యలో చదువుకోవడానికి బొమ్మల పుస్తకం తీసుకెళ్లాం. లోపల ఏం మాట్లాడిందో నేను ఇప్పటికీ అడగలేదు.

ఆర్డర్ చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. ఇన్సూరెన్స్, బ్యాంకు, బడి, పాస్‌పోర్టు, ప్రతిచోటా అడుగుతారు. ఆర్డర్‌లోని ప్రతి పంక్తీ లాయరు దగ్గర కూర్చుని అర్థం చేసుకోండి. ముఖ్యంగా మూడు సంగతులు:

కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించి వేరే చోట కాపురం పెట్టకూడదు. మీకు బదిలీల ఉద్యోగమైతే ఆ అనుమతి పిటిషన్‌లోనే అడగండి.

బిడ్డ స్థిరాస్తిని అమ్మడం, తాకట్టు పెట్టడం, ఐదేళ్లకు మించి కౌలుకివ్వడం కోర్టు అనుమతి లేకుండా చేయకూడదు. ఎంత మంచి ఉద్దేశంతో చేసినా దాన్ని తర్వాత రద్దు చేయించవచ్చు.

డబ్బును సాధారణంగా బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమంటారు. వడ్డీ చదువుకు వాడుకునే వీలు కావాలని మేం అడిగాం, ఇచ్చారు. మీరు అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు. ఖర్చుల లెక్క ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

అన్నట్టు, ఇంకో సాయం ఉంది. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టుకోవాలి. బిడ్డ ప్రమాదంలో ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగకుండా 1098కి ఫోన్ చేయండి.

మీరే ఒంటరి తల్లి అయితే

ఈ చివరి మాట జబ్బుతో ఉన్న అక్కచెల్లెళ్లకు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం భర్త లేని తల్లి తన తర్వాత బిడ్డకు గార్డియన్ ఎవరో వీలునామాలో రాయవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల సంతకాలూ తీసుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. పాలసీల్లో, బ్యాంకు ఖాతాల్లో నామినీ పక్కన ఎవరి పేరుందో కూడా ఈ వారమే చూసి మార్పించండి. అక్క ఆసుపత్రిలో ఉన్న నలభై రోజుల్లో ఈ మాట ఎత్తడానికి మాకు ధైర్యం చాలలేదు. ఆ కాగితం ఒక్కటి ఉంటే ఆమె ఇష్టం ఏమిటో కోర్టుకు ఆమె మాటల్లోనే తెలిసేది.